ఏప్రిల్‌లో పొగ

"తీస్తారా, తీయరా?"

"ఇంద్రాణీ, అరవకు. పక్కింటివాళ్లు వింటారు."

"విననివ్వండి. మూడు నెలల నుంచి మా ఇంట్లోకి సూర్యుడు రావడం లేదని వాళ్లకీ తెలియాలి. పరదాలకి పిన్నీసులు గుచ్చుకుని కూర్చునే మగాణ్ణి మిమ్మల్నే చూశాను."

"స్క్రీను మీద వెలుగు పడుతోందని చెప్పానా లేదా?"

"మీ స్క్రీనుకి వెలుగు పడదు, మీకు మనుషులు పడరు. మొన్న హాసిని గుమ్మంలో నిలబడి ఉంటే కుర్చీ అనుకుని దాని భుజం మీద తడి తువ్వాలు ఆరేశారు!"

"ఏదో సరదాకి వేశాను."

"ఆ సరదాకి పిల్ల గదిలోకెళ్లి ఏడ్చింది."

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఒక అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తులో, తలుపు బయట దీపు ఇదంతా వింటూ నిలబడ్డాడు. చేతుల్లో కంప్యూటరు పెట్టె, బరువుకి వేళ్లు తెల్లబడుతున్నాయి. మర్యాదస్తుడైతే గొడవ ఆగేదాకా ఆగుతాడు. దీపుకి ఆగడం చేతకాదు. మోచేత్తో గంట నొక్కాడు.

లోపల మాటలు తెగిపోయాయి. తలుపు తీసింది హాసిని, పదిహేడేళ్ల పిల్ల. వెనక్కి తిరిగి, "పాపా, కంప్యూటర్‌వాలే భయ్యా ఆగయే," అని హిందీలో కేకేసి పక్కకి తప్పుకుంది.

సదాశివరావు హాల్లోకి వచ్చాడు. యాభై నాలుగేళ్ల మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో. గోడకి ఒక చేయి ఆనించి నడిచాడు. అది ఆయన నడకలో ఒక వాటం అనుకున్నాడు దీపు.

"వచ్చావటోయ్! రా, రా. సామాను దించుదాం."

సామాను అంటే ఆయన భాషలో సెట్టింగులు. రంగులు, అక్షరాల రూపం, ఏ మీట నొక్కితే ఏం జరగాలి, పొడుగాటి పనికి ఏ రెండక్షరాల కుదింపు, ఇవన్నీ రాసి పెట్టుకున్న ఒక ఫోల్డరు. తెనాలి నుంచి వచ్చి కరోల్‌బాగ్‌లో ఒక మేడమీద గదిలో దుకాణాలకి బిల్లింగు ప్రోగ్రాములు రాసే రోజుల్లో మొదలుపెట్టాడు దాన్ని. అప్పట్లో అది ఒక ఫ్లాపీలో సగం కూడా ఉండేది కాదట. తర్వాత సీడీలోకి, పెన్‌డ్రైవులోకి మారింది. ఎన్ని కంప్యూటర్లు మారినా సామాను అదే. కొత్త మిషను ముందు కూర్చుంటే మొదటి పని అది దించడం. అది దిగేదాకా ఆయన అద్దెకొచ్చిన మనిషిలా కుర్చీ అంచు మీద కూర్చుంటాడు. దిగాక వెనక్కి వాలతాడు. మౌసు ముట్టుకోడు. "ఎలకతో పనేవిటి, పది వేళ్లుండగా," అంటాడు.

దీపు ఆయన్ని పోయినేడు నెహ్రూ ప్లేసులో కలిశాడు. దీపుది జనగామ. ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరి, మూడో సెమిస్టరులో ఒక మధ్యాహ్నం బెంచీ మీంచి లేచి బయటికొచ్చి, మళ్లీ వెళ్లలేదు. ఇంట్లో ఇప్పటికీ గొడవే. అడిగినవాళ్లకి కంప్యూటర్లు బిగించి, కావలసినట్టు అమర్చి ఇవ్వడం అతని బతుకు. ఆ రోజు దుకాణంలో ఒక పెద్దమనిషి చిన్న మెమరీ ముక్కని కళ్ల దగ్గర తిప్పుతూ, "అబ్బాయ్, దీని మీద ఏం రాశాడో చదివి పెడతావా?" అని తెలుగులోనే అడిగాడు. దీపు చొక్కా మీద కాలేజీ తెలుగు సంఘం బొమ్మ ఉంది. దాన్ని చూసి అడిగాడనుకున్నాడు దీపు. కాదు, పక్కన నిలబడి ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే విని అడిగాడు. ఆ తేడా ఏమిటో దీపుకి చాలా ఆలస్యంగా తెలిసింది.

సదాశివరావు పని గురించి అడిగితే చిన్నగానే చెప్తాడు. నోయిడా సెక్టార్ అరవై మూడులో సిరంజి పంపులు చేసే ఒక కంపెనీ. ఆసుపత్రి మంచం పక్కన చిన్న పెట్టె ఉంటుంది. సిరంజిలోని మందుని గంటకింత అని కొలిచి, రోగి నరంలోకి మెల్లగా నెడుతుంది. ఆ పెట్టెలో పనిచేసే ప్రోగ్రాము ఆయనది. ఇరవై రెండేళ్లుగా ఆయనదే. అందులో ఒక పట్టిక ఉంటుంది. ఏ మందు, ఎంత బరువున్న రోగికి, గంటకి ఎంత దాటకూడదు అని. నర్సు తొందరలో రెండున్నర బదులు ఇరవై అయిదు నొక్కిందనుకో, పంపు ఒప్పుకోదు, గంట మోగిస్తుంది.

"నర్సు మరిచిపోయిన చుక్కని పట్టుకోవడమే మన ఉద్యోగం," అని నవ్వాడు ఒకసారి.

ఆ నవంబరు శనివారం గదిలో దీపం కూడా లేదు. పిన్నీసులు గుచ్చిన పరదాల వెనక మధ్యాహ్నం మసగ్గా నిలబడి ఉంది. దీపు కొత్త మిషను బిగించి, పాతదాని నుంచి సామాను దించడం మొదలుపెట్టాడు. సదాశివరావు ఆ ఫోల్డరులో చేసిన ప్రతి మార్పుకీ తేదీ, కారణం రాస్తాడు. కీబోర్డు మార్చినా ఒక వాక్యం, పాస్‌వర్డు మార్చినా ఒక వాక్యం. అది ఆయన క్రమశిక్షణ. కొత్త మిషనులో ఏది సర్దాలో తెలుసుకోవడానికి దీపు ఆ చరిత్ర తెరిచి, కింద నుంచి పైకి చదువుకుంటూ వచ్చాడు.

రెండేళ్ల కిందటి నవంబరు. అక్షరం సైజు 11 నుంచి 14. కారణం: పొగ.

ఆ డిసెంబరు. 14 నుంచి 16. కారణం: పొగ ఎక్కువైంది.

పోయిన నవంబరు. 16 నుంచి 20. కారణం: పొగ.

జనవరి. 20 నుంచి 24. కారణం: పొగ, మంచు.

ఏప్రిల్. 24 నుంచి 30. కారణం: పొగ.

దీపు ఆగాడు. ఢిల్లీలో చలికాలపు పొగ సంగతి అందరికీ తెలిసిందే. దీపావళి వెళ్లగానే ఊరంతా కళ్లు నలుపుకుంటూ తిరుగుతుంది. ఎదురింటి మేడ కనబడకపోతే ఎవరూ కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తరు, కిటికీ మూసుకుంటారు. కానీ ఏప్రిల్‌లో ఎండ ఉంటుంది, దుమ్ము ఉంటుంది. పొగ ఉండదు.

"అంకుల్, ఏప్రిల్ల పొగేంది?"

పాత మిషను కీబోర్డు మీద సదాశివరావు వేళ్లు ఆగిపోయాయి.

"పొలాలు తగలబెట్టారేమో."

"గవి చలికాలం ముంగట తగలబెడ్తరు." దీపు కుర్చీ తిప్పి ఆయన మొహంలోకి చూశాడు. "మీకు కనబడ్తలేదు గదా?"

ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంట్లో పరదాల గురించి అడిగారు, తువ్వాలు గురించి అడిగారు. ఇది అడగలేదు. సదాశివరావు లేచి వెళ్లి గది తలుపు దగ్గరికి వేశాడు. గడియ కోసం చేయి రెండు సార్లు గాలిలో తడిమింది.

"తెలివైనవాడివే. కాలేజీ ఎందుకు మానేశావోయ్?"

"నా సంగతి తర్వాత. ఎన్ని రోజులసంది?"

సదాశివరావు సొరుగులో పాత హార్డుడిస్కుల కింద దాచిన కళ్ల మందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. గ్లాకోమా, మన ఊళ్లల్లో నీటికాసులు అంటారు. డాక్టరు మార్చిలో చెప్పాడు, పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకుందాం, మొదట్లోనే ఎందుకు రాలేదు అని. మొదట్లో పొగ అనుకున్నాను అని చెబితే ఆ డాక్టరు ఆశ్చర్యపోలేదట. ఈ ఊళ్లో చాలామంది అదే చెబుతారని అన్నాడట.

"మార్చిల తెలిస్తే ఏప్రిల్ల పొగ అని ఎందుకు రాసిన్రు?"

"ఏమో. చెయ్యి అలవాటుగా రాసేసింది." సీసాని వేళ్లతో బల్ల మీద దొర్లించాడు. "అందరూ నల్ల మచ్చ కనబడుతుందనుకుంటారు దీపూ. నలుపు కనబడితే బాగుండును, అక్కడ ఏదో పోయిందని తెలిసేది. ఏమీ కనబడదు. పోయినచోట మెదడే ఏదో ఒకటి అతికించేస్తుంది. చుట్టూ గోడుంటే గోడ. తెల్ల కాగితముంటే తెల్ల కాగితం. అంతా చక్కగా, నిండుగా ఉంటుంది. అందులో మనిషి ఉండడు, అంతే."

"ఆంటీకి చెప్పిన్రా?"

"లేదు."

"ఆఫీసుల?"

"వచ్చే మార్చిలో కొత్త పంపు బయటికొస్తుంది. అది కాగానే నేనే చెప్పి తప్పుకుంటాను. ఈలోగా నాకు సరిపడేట్టు ఈ మిషను అమర్చిపెట్టు. నీ వల్ల అవుతుంది."

అప్పుడు దీపు చెయ్యవలసింది ఒకటి, చేసింది ఒకటి. ఎదురుగా కష్టమైన లెక్క ఉంటే అతనికి పక్కన మనిషి ఉన్నాడని గుర్తుండదు. ఆ సాయంత్రానికే అతని బుర్ర నిండా ఉపాయాలు. వారం రోజులు తన గదిలో ఆ పని తప్ప వేరే ముట్టుకోలేదు. నల్లటి తెర మీద పసుపుపచ్చ అక్షరాలు పెట్టాడు. కర్సరు బొటనవేలంత చేశాడు. అంకెలున్న వరుస మీదికి వెళితే మిషనే పైకి చదివేట్టు గొంతు పెట్టాడు. అన్నిటికంటే, ఒక ఫాంటు తీసుకుని అందులో దశాంశ చుక్కని విప్పి, మళ్లీ గీశాడు. ఆవగింజంత ఉన్నదాన్ని శనగగింజంత చేసి ఎర్ర రంగు పూశాడు.

అది చూసిన రోజున సదాశివరావు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"బొట్టు పెట్టావు కదటోయ్ అంకెకి!"

"ఇగ తప్పిపోదు అంకుల్."

"పోదు, పోదు."

వేళ్లు పరిగెత్తాయి. దీపు పక్కన నిలబడి చూశాడు. అంత వేగం తన వయసువాళ్లలో కూడా చూడలేదు. ఆ వేగమే కాసేపటికి అతన్ని కొంచెం ఇబ్బంది పెట్టింది. వీధి తెలిసినవాడు చీకట్లో సైకిలు తొక్కుతున్నట్టుంది.

వెళ్తుంటే వంటగదిలోంచి ఇంద్రాణి పిలిచింది. టీ గ్లాసు చేతికిచ్చి, గొంతు తగ్గించింది.

"లోపల ఏం చేస్తున్నారు బాబూ మీరిద్దరూ?"

"సెట్టింగులు ఆంటీ."

"సెట్టింగులు." ఆమె గిన్నె తుడుస్తూ ఉండిపోయింది. "మొన్న సరోజినీ నగర్ నుంచి చీర తెచ్చుకున్నాను. ఆయన ముందు నిలబడి, కుడిచేతిలోది బాగుందా, ఎడమచేతిలోది బాగుందా అని అడిగాను. ఎడమచేతిలోదే బాగుందన్నారు. నా ఎడమచేతిలో చీర లేదు బాబూ. కూరల సంచీ ఉంది."

దీపు టీ తాగడం ఆపాడు.

"నువ్వేం చెప్పకు. చెప్పమని అడగడం లేదు." ఆమె కళ్లు వంటగది గట్టు మీద ఉన్నాయి. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, మంచినీళ్ల చెంబు, అన్నీ గీత గీసినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. "ఈ ఇంట్లో వస్తువు చోటు మార్చి ఎన్నాళ్లయిందో. రోజూ ఆ పరదాల మీద పోట్లాడతాను, ఎప్పటికైనా విసుగొచ్చి ఆయనే నోరు విప్పుతారని. ఎంత మొండి మనిషో చూశావా? దెబ్బలాడతారు గాని చెప్పరు."

దీపు గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. మెట్రోలో నిలబడి, చెప్పేస్తే పోయేదేమో అనుకున్నాడు. తర్వాత ఆ ఎర్ర చుక్క గుర్తొచ్చింది. ఇక ఫరవాలేదులే అనుకున్నాడు.

రెండు వారాల తర్వాత, నవంబరు చివరి శనివారం, గొంతు సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి మళ్లీ వెళ్లాడు. మధ్యాహ్నం పన్నెండైనా రోడ్డు మీద వాహనాలు లైట్లు వేసుకుని పోతున్నాయి. తొమ్మిదో అంతస్తు లిఫ్టు పక్క కిటికీలోంచి చూస్తే కింద ఏమీ లేదు. పార్కు లేదు, గేటు లేదు, బూడిదరంగు మాత్రం ఉంది. పొగకి స్కూళ్లు మూసేశారని హాసిని హాల్లో ఫోను పట్టుకుని క్లాసు వింటోంది.

సదాశివరావు హుషారుగా ఉన్నాడు. సోమవారం పంపవలసిన పట్టిక దాదాపు పూర్తయింది. పిల్లల వార్డుది, తొంభై వరుసలు. ఆసుపత్రి డాక్టర్లు ఖరారు చేసిన అంకెలు కాగితం మీద వస్తాయి. ఆయన వాటిని చూసి ఎక్కిస్తాడు. ఆ కాగితం ఎడమపక్క, చిన్న స్టాండుకి తగిలించి ఉంది.

"విను, ఎంత బాగా చదువుతోందో," అని మీట నొక్కాడు.

మిషను చదువుకుంటూ పోయింది. ఆడగొంతు, హిందీ యాసలో ఇంగ్లీషు. వన్ పాయింట్ టూ. త్రీ పాయింట్ ఫైవ్. ట్వెంటీ ఫైవ్. టూ పాయింట్ ఎయిట్.

దీపు ఒక చోట కూర్చోలేడు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఆ గొంతుతో పాటు కాగితం మీద వేలు పెట్టుకుంటూ వస్తున్నాడు. వేలు ఆగింది.

"అంకుల్, పదకొండో వరుస మళ్లొకసారి."

"ట్వెంటీ ఫైవ్," అంది మిషను. తెర మీద 25 అరచేయంత మెరిసింది. చూడముచ్చటగా ఉంది.

"కాగితం మీద ఎంతున్నది?"

సదాశివరావు వంగి చూశాడు. "ఇరవై అయిదు."

"మంచిగ చూడుండ్రి."

"చూశానయ్యా. ఇరవై అయిదు."

"రెండున్నర."

సదాశివరావు నవ్వబోయి మానుకున్నాడు. "ఎక్కడ?"

దీపు ఆయన చూపుడువేలు పట్టుకుని కాగితం మీద, రెండుకీ అయిదుకీ మధ్య ఆనించి, తీశాడు. ఆయన తల కొంచెం ఎడమకి వంచాడు.

"వచ్చింది."

తల మళ్లీ తిన్నగా పెట్టాడు.

"పోయింది."

ఎడమకి. "వచ్చింది." తిన్నగా. "పోయింది." నాలుగు సార్లు అలా చేశాడు, పాడైన స్విచ్చు వేసి తీసి చూసుకునేవాడిలా. దీపు గీసిన శనగగింజ, ఎర్ర రంగు, చదివే గొంతు, అన్నీ బుద్ధిగా పనిచేస్తున్నాయి. తప్పు అంకెని ఒప్పు అంకెంత అందంగా చూపిస్తున్నాయి. కాగితానికి దీపు ఫాంటు లేదు. ఆ ఒక్క సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"పిల్లలది గదా అంకుల్ ఇది?"

"ఊఁ."

"గంటకి రెండున్నర దాటొద్దంటే పాతిక దాకా పోనిస్తది పంపు. గంట కొట్టది."

"కొట్టదు."

"మీ తర్వాత ఎవలు చూడరా?"

"నా కింద శ్రీహర్ష ఉన్నాడు, చూస్తాడు. చూడాలి." సదాశివరావు కళ్లజోడు తీసి తుడవకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. "నేను పంపిందంటే సంతకం పెట్టేస్తాడు. ఆఫీసులో అందరిదీ అదే మాట, రావుగారు చూశారా, అయితే సరే అని. ఇరవై రెండేళ్లలో నా దగ్గర తప్పు దొరకలేదు మరి."

దీపుకి ఒక ప్రశ్న వచ్చింది. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఇంతకు ముందు పంపినయి?"

ఇద్దరూ కూర్చున్నారు. ఏప్రిల్ తర్వాత పంపిన పట్టికలు మూడు. రెండింటి కాగితాలు ఇంట్లో ఉన్నాయి. దీపు కాగితం చదవడం, మిషను ఫైలు చదవడం, ఆయన కళ్లు మూసుకుని రెండూ వినడం. గంటన్నర పట్టింది. ఇంద్రాణి అన్నానికి రెండు సార్లు పిలిచి ఊరుకుంది. తప్పు దొరకలేదు. ఇద్దరిలో ఎవరికీ సంతోషం కలగలేదు. ఏ అంకె ఆ గుడ్డిచోట పడాలో, ఏది పడకూడదో చెప్పేవాడెవరూ లేరు.

మూడోది సెప్టెంబరుది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి చేసింది. ఆ కాగితం ఆఫీసులో ఉంది. ఆ పట్టిక ఎక్కించిన పంపులు అక్టోబరులోనే ఆసుపత్రులకి వెళ్లిపోయాయి.

సదాశివరావు ఫోను తీసి, శ్రీహర్ష పేరు పైకి చెప్పి కలపమన్నాడు. స్పీకరులో పెట్టాడు.

"సార్! శనివారం కూడా వదలరా నన్ను?"

"ఆఫీసులోనే ఉన్నావా?"

"ఉన్నా సార్. సోమవారం డెమో కదా."

"సెప్టెంబరు పట్టిక, చంటిపిల్లలది. దాని కాగితం నా బల్ల సొరుగులో ఉంది. తీసి, పంపిన ఫైలు పక్కన పెట్టుకుని చుక్క చుక్కా చూడు. నూట నలభై వరుసలు. ఒక్కటీ వదలకు."

అవతల నవ్వు. "మీది నేను దిద్దాలా? మాస్టారి హోంవర్కు పిల్లాడు దిద్దినట్టుంటుంది సార్."

"నవ్వకు."

"ఏమైంది సార్? ఏదైనా కంప్లయింటొచ్చిందా?"

సదాశివరావు నోరు తెరిచాడు. దీపు ఆయన్నే చూస్తున్నాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది.

"ఏం లేదు. ఇక్కడ పొగ. ఆ రోజుల్లో నాకు కళ్లు కాస్త మండాయి. ఓసారి చూడు, అంతే."

"అందరికీ మండుతున్నాయి సార్, ఏం చేస్తాం. ఠీక్ హై, చూసి ఫోన్ చేస్తా."

ఫోను బల్ల మీద పెట్టాడు. సెప్టెంబరులో పొగ లేదని దీపుకి తెలుసు. ఆయనకీ తెలుసు.

ఆరో నిమిషంలో ఫోను మోగింది.

"చూశా సార్. అంతా పర్ఫెక్ట్. మీది తప్పుంటుందా?"

"అన్నీ చూశావా?"

"ఆఖరి వరుస దాకా. మీరు హాయిగా భోంచేసి పడుకోండి."

ఫోను పెట్టేశాక సదాశివరావు జేబులో చేయి పెట్టాడు. తాళంచెవుల గుత్తి తీసి, వేళ్లతో ఒక్కొక్కటీ తడిమి, చిన్న ఇత్తడి చెవి దగ్గర ఆగాడు.

"వాడికి చెప్పేటప్పుడు నాకు గుర్తులేదు దీపూ. ఆ సొరుగు తాళం వేసి ఉంది. తాళంచెవి ఇదిగో."

దీపుకి తిట్టాలనిపించింది. శ్రీహర్షనా, ఈయన్నా, శనగగింజ గీసి మురిసిపోయిన తననా, తేలలేదు.

"సెప్టెంబర్ల గూడ గిట్లనే సంతకం పెట్టిండా?"

"ఇలాగే పెట్టి ఉంటాడు. మంచి కుర్రాడు. నా మీద గౌరవం."

"ఏం గౌరవం అంకుల్! పోదాం పాండ్రి. ఇప్పుడే పోదాం. కాగితం నేను చదువుత."

"పద."

సదాశివరావు గది తలుపు తీశాడు. ఇంద్రాణి ఎదురుగానే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో.

"ఆఫీసుకి వెళ్లొస్తాం."

"ఈ పొగలోనా? తినకుండానా?"

"ఊఁ. వచ్చాక నీకో మాట చెప్పాలి."

ఆమె చాలాసేపు ఆయన మొహం చూసింది. పోట్లాడలేదు. "నేనెక్కడికి పోతాను? చెప్పులు ఎప్పటి చోటే ఉన్నాయి, చూసుకోండి," అని ఆయన్ని దాటి గదిలోకి వెళ్లింది. పరదాల పిన్నీసులు ఒక్కొక్కటీ తీసి అరచేతిలో వేసుకోవడం మొదలుపెట్టింది. ఆయన వద్దనలేదు. బయట నుంచి పాలిపోయిన వెలుగొచ్చి బల్ల మీద, తెర మీద, ఆ పెద్ద 25 మీద పడింది. ఆయన చేయి అడ్డం పెట్టుకున్నాడు.

హాల్లో చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయాడు.

"దీపూ, ఒక్క నిమిషం. బయల్దేరే ముందు నా మిషను పాస్‌వర్డు మార్చెయ్. నాకు చెప్పకు."

"ఎందుకు? ఎట్లాగూ ఆఫీసుల చెప్తున్నరు గదా."

"చెప్తానని నేనంటున్నాను. ఇందాక ఫోనులో ఏం చెప్పానో విన్నావు కదా? ఆ కాగితంలో తప్పు దొరికిందనుకో, నేనిక దాని జోలికి రాను, నాకా ధైర్యం ఉండదు. తప్పు లేదనుకో, అప్పుడే భయం. తిరిగొచ్చి మళ్లీ కూర్చుంటాను. మార్చి దాకానే అంటాను. తల కొంచెం ఎడమకి వంచితే కనబడుతోందిగా అంటాను. నీకు ఫోన్లు చేస్తాను, మీ ఆంటీ చేత చేయిస్తాను, నిన్ను తిడతాను కూడా. ఏం చెప్పినా ఇవ్వకు. నువ్వు మొహమాటపడే రకం కాదనే నిన్ను అడుగుతున్నాను."

దీపు లోపలికెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పాస్‌వర్డు మార్చాడు. ఆయన పద్ధతి ప్రకారం చరిత్ర తెరిచి, తేదీ వేసి, ఏం మార్చాడో రాశాడు. బొటనవేలంత కర్సరు కారణం దగ్గర ఆగి కొట్టుకుంటోంది.

"కారణం ఏం రాయమంటరు అంకుల్?" అని గదిలోంచే కేకేశాడు.

ఆయన వీధి తలుపు దగ్గర గోడకి చేయి ఆనించి నిలబడి ఉన్నాడు.

"నువ్వు చూసింది రాయి. నా పేరు మీదే రాయి. పొగ అని మాత్రం రాయకు."